నా చెయ్యి కనపడని నీళ్ళు

మా నాన్నకు నా చేతి మీద నమ్మకం ఎక్కువ. నా హస్తవాసి మంచిదని ఎవరు చెప్పారో, ఎప్పుడు తేల్చారో తెలియదు గానీ, నాకు ఊహ తెలిసేనాటికే ఆ పేరు స్థిరపడిపోయింది. మిరపనారు వేసే రోజు మొదటి మొక్క నా చేత నాటించేవాడు. కొత్త మోటారు బిగిస్తే స్విచ్చి నేనే వెయ్యాలి. విత్తనాల బస్తా మూతి విప్పాలన్నా నేను బడి నుంచి వచ్చేదాకా ఆగేవాడు. "అంత మంచి చెయ్యి అయితే ఆ పలక మీద ఒక్క అక్షరం తిన్నగా రాయదేం?" అని మా అమ్మ దెప్పేది. నేనప్పుడు రెండో తరగతి.

మాది నందిగామ నుంచి జగ్గయ్యపేట పోయే దారిలో, హైవే దిగి లోపలికి వెళితే వచ్చే మెట్ట ఊరు. మిరప, పత్తి, కాస్త కంది. ఊరికి దక్షిణాన దళితుల పేట ఉండేది. వాళ్ళు గుడి అనే చర్చి కూడా అక్కడే. పేటకూ మా చేలకూ మధ్యన ఒక చెరువు. ఊళ్ళోకి తాగే నీళ్ళు వేరే బావి నుంచి వచ్చేవి కాబట్టి మాకు ఆ చెరువు పశువులను కడగడానికి తప్ప పట్టేది కాదు. పేట వాళ్ళకు అలా కాదు. వాళ్ళ బోరింగు నీళ్ళు ఉప్పన, అందులో కందిపప్పు పొద్దంతా పొయ్యి మీద పెట్టినా ఉడికేది కాదు. అందుకని పప్పుకు, స్నానాలకు, బట్టలకు అన్నిటికీ చెరువే దిక్కు. ఈ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండడానికి మా ఊరు పెట్టింది పేరు.

తొంభైల మొదట్లో ఆ చెరువులో చేపలు పెంచుకోవడానికి పంచాయతీ వాళ్ళు వేలంపాట పెడితే మా నాన్న పాడాడు. అంతవరకు ఆయన చేపను కంచంలో తప్ప చూసినవాడు కాదు. కైకలూరు వైపు నుంచి లారీలో చేపపిల్లలు తెచ్చి వదిలిన ఆయనే పెంపకం కూడా చెప్పి వెళ్ళాడు. చేపకు మేత నీళ్ళలోని పచ్చదనమే. కంటికి కనపడనంత సన్నటి నాచు అది. పేడ, సూపరు ఎరువు వేస్తే నాచు పెరుగుతుంది, దాన్ని తిని చేప పెరుగుతుంది. మరి ఎంత పచ్చదనం ఉంటే సరిపోతుంది? దానికి ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, గట్టు మీద కూర్చుని, చేతిని మోచేతి దాకా నీళ్ళలో నిలువుగా ముంచి చూపించాడు.

"ఇట్టా ముంచండి. అరచెయ్యి కనపడకూడదు. కనపడిందా, మేత తక్కువైనట్టు. అప్పుడు పేడ వెయ్యండి. కనపడలేదా, మీ చెరువు భేషుగ్గా ఉన్నట్టు. అంతే, పెద్ద చదువేం అక్కర్లా."

మా నాన్న ఆ పని నాకు అప్పగించాడు. హస్తవాసి మంచిది కదా మరి.

రోజూ బడికి వెళ్ళేముందు నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని చెరువుకు వెళ్ళేదాన్ని. రాళ్ళ మీద బోర్లా పడుకుని చెయ్యి ముంచేదాన్ని. నాన్న వెనక నుంచి నా గౌను పట్టుకునేవాడు. "కనపడుతోందా?" అని అడిగేవాడు. కనపడుతోందంటే, గోతాం నిండా పేడ కుక్కి నీళ్ళలో పాతిన గుంజకు కట్టేవాడు. ఆ గోతాం నుంచి గోధుమరంగు నీళ్ళు నెమ్మదిగా ఊరుతూ ఉండేవి. నాలుగు రోజులు పోయాక మళ్ళీ ముంచితే అరచెయ్యి మాయమయ్యేది. "కనపడలా నాన్నా!" అని అరిచేదాన్ని. ఆ మాటకు ఆయన ముఖం వెలిగిపోయేది. పరీక్షలో ఫస్టు వచ్చినా ఆయన అంత సంబరపడలేదు, నాకు బాగా గుర్తు.

చూస్తుండగానే చెరువు పచ్చబడింది. మెట్ట రైతుకు పచ్చరంగు చెడ్డదని చెబితే నమ్ముతాడా? వానకోసం మొహం వాచి బతికేవాళ్ళం. పచ్చగా ఉంది అంటే బాగుంది అనే అర్థం. దారిన పోయేవాళ్ళు ఆగి, "చెరువు ఆకుపసరులా ఉందండీ" అంటే నాన్న మీసం దువ్వేవాడు. మధ్యాహ్నం పూట గాలి ఆగితే ఒక మూల పచ్చటి మీగడ కట్టేది. దాన్ని కర్రతో కదిపితే అదోరకం వాసన వచ్చేది.

మా చేలకు మందు కొట్టే ఆయన ఇల్లు పేటలో, చెరువుకు ఎదురుగానే ఉండేది. మిరపకు మందు కొట్టడంలో ఆయనంత ఒడుపు చుట్టుపక్కల ఇంకెవరికీ లేదనేవారు. సీజన్లో ఆయన దొరకడం కష్టం. ముందురోజే కబురు పెట్టుకోవాలి. పొడుగు మనిషి, మాట నెమ్మది. చేలోకి నేను వెళితే మందు వాసన తగలకుండా దూరంగా గాలికి ఎగువన నిలబెట్టేవాడు, "పాపా, అక్కడే ఉండు, ఇటు రామాక" అని. వయసులో మా నాన్న కంటే పెద్ద. నాన్న ఆయన్ని "ఒరే" అనేవాడు, ఆయన నాన్నను "బాబుగారూ" అనేవాడు. అది తప్పని అప్పుడు నాకు తోచలేదు. ఎవరికీ తోచలేదు.

వానాకాలం చివర్లో ఒకరోజు ఆయన మా ఇంటికి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"బాబుగారూ, చెరువు నీళ్ళు మరీ చిక్కబడ్డాయండి. పిల్లల ఒళ్ళు దురదలొస్తన్నయ్. ఆడాళ్ళు పప్పులో పోయాలంటే గుడ్డలో వడగట్టుకుంటన్నారు. పేడ కాస్త తగ్గిత్తే..."

"చేపలకు మేత వద్దంటావేంట్రా? నీళ్ళు ఎట్టా ఉండాలో అట్టాగే ఉన్నయ్. రోజూ మా అమ్మాయి చూస్తూనే ఉంది" అన్నాడు నాన్న.

ఆయన నా వంక చూసి నవ్వాడు. కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. మొహమాటస్తుడు. నేను మాత్రం ఆ రోజంతా గొప్పగా తిరిగాను, పెద్దవాళ్ళ మాటల్లో నా చెయ్యి సాక్ష్యానికి వచ్చింది కదా అని.

తర్వాత కొద్దిరోజులకు ఆయన మా పక్క చేలో మందు కొట్టి, సాయంత్రం ఎప్పటిలాగే చెరువు కట్ట మీద మందు కలిపిన డ్రమ్ము కడుక్కున్నాడు. అందరూ అక్కడే కడిగేవాళ్ళు. ఆ రాత్రి నుంచి ముసురు పట్టింది. మబ్బు కదలదు, ఎండ మొహం లేదు, గాలి లేదు, సన్నటి తుంపర. మూడో రోజు ఇంకా వెలుగు రాకముందే ఎవరో మా తలుపు కొట్టారు. నాన్న లుంగీ మీదే పరిగెత్తాడు. వెనకాలే నేనూ.

చెరువు నిండా తెల్లటి పొట్టలు. నోళ్ళు తెరుచుకుని, ఒకదానికొకటి ఆనుకుని, నీళ్ళు ఎటు కదిలితే అటు. కొన్ని ఇంకా పైకి వచ్చి నోరు తెరిచి మూస్తున్నాయి. మా నాన్న మోకాలి లోతుకు దిగి, ఒక చేపను రెండు చేతులతో ఎత్తి, బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడిపోయాడు. నీళ్ళ రంగు పచ్చ నుంచి కాఫీ రంగుకు మారుతోంది. ఒడ్డున రాళ్ళ సందుల్లో సన్న పరిగె చేపలు మాత్రం ఎప్పటిలాగే గుంపులుగా ఈదుతున్నాయి. కప్పలు అరుస్తూనే ఉన్నాయి. అవి నేను చూశాను. చిన్నపిల్లను, చావని వాటి గురించి నన్ను ఎవరడుగుతారు?

"మందు కలిసింది" అని ఎవరన్నారో గుర్తు లేదు. ఒకరు అన్నాక అందరూ అన్నారు.

పొద్దెక్కేసరికి పాలకేంద్రం వరండాలో ఊరు పోగైంది. పాలు పోసినవాళ్ళు క్యాన్లు పక్కన పెట్టి నిలబడ్డారు. మందు కొట్టే ఆయన్ని పిలిపించారు. కండువా తీసి చంకలో పెట్టుకుని వాన తుంపరలోనే నిలబడ్డాడు. వరండా మీదికి ఎక్కమని ఎవరూ అనలేదు.

"డ్రమ్ము ఎక్కడ కడిగావురా?" అడిగాడు నాన్న.

"కట్ట మీదేనండి. అందరం అక్కడే కదండీ కడిగేది."

"కడిగిన నీళ్ళు?"

"తూము పక్కన పారబోసానండి. చెరువులో ఒక్క చుక్క పోయలా. మా పిల్లలు తానాలు చేసే నీళ్ళండి."

"ఆ రాత్రే వాన పడిందిగా. తూము పక్కన పోసింది ఎటు పోతుంది?"

ఆయన నోరు తెరిచి, తూము ఎటు ఉందో చూస్తున్నట్టు చెరువు వైపు తిరిగి, అలాగే ఉండిపోయాడు. ఆ ఒక్క క్షణం మౌనాన్ని జనం ఒప్పుకోలు కింద జమ కట్టేశారు. అంతకుముందు ఆయన మా ఇంటికి వచ్చి నీళ్ళ గురించి మాట్లాడిన సంగతి ఎవరో ఎత్తారు. ఇంకేం, కక్షతోనే కలిపాడని గోరంత కొండంతయింది.

"నీళ్ళలో తేడా ఏమీ లేదండీ, ముందురోజు పొద్దున కూడా మా అమ్మాయి చూసింది. ఏమ్మా?" అని నాన్న నా వైపు తిరిగాడు.

"చూసా. చెయ్యి కనపడలా" అన్నాను నేను.

నా సాక్ష్యం అంతే. అబద్ధం ఒక్క ముక్క లేదు.

మా నాన్న దుర్మార్గుడు కాదు. ఎవరో జరిమానా అంటే ఆయనే వద్దన్నాడు. "తెలిసి చేశాడో తెలియక చేశాడో, వాడి కడుపు కొట్టడం నాకిష్టం లేదు. నా చేలో మాత్రం ఇంక మందు కొట్టొద్దు" అన్నాడు. ఆ మాటకు అందరూ ఆయన పెద్దమనసును మెచ్చుకున్నారు. నాన్న వద్దన్న మనిషిని పక్కవాడు ఎందుకు పిలుస్తాడు? ఆ సీజన్లో ఆయన్ని ఎవరూ పిలవలేదు. మరుసటి సీజన్లో పిలవడానికి ఆయన ఊళ్ళో లేడు. జగ్గయ్యపేట దగ్గర సున్నపు బట్టీలో పనికి కుదిరాడని, వారానికోసారి వచ్చి పోతున్నాడని చెప్పుకున్నారు. నాన్న చేపల జోలికి మళ్ళీ వెళ్ళలేదు. పేడ పడక చెరువు మెల్లగా తేరుకుంది. పేట వాళ్ళు మళ్ళీ వడగట్టకుండానే పప్పు వండుకున్నారు.

నేను నందిగామలో డిగ్రీ చదువుతున్నప్పుడు జువాలజీ మేడం ఒకరోజు చేపల చెరువుల పాఠం చెప్పారు. ఆవిడకు పాఠం మధ్యలో పిట్టకథలు చెప్పే అలవాటు. నాచు పగలు ఎండలో ప్రాణవాయువును ఇస్తుందట, రాత్రి తానే పీల్చుకుంటుందట. మితిమీరి పెరిగిన చెరువులో మబ్బు పట్టి రెండు మూడు రోజులు ఎండ లేకపోతే, తెల్లవారేసరికి నీళ్ళలో గాలి మిగలదు. నాచు కూడా చచ్చి నీళ్ళ రంగు తిరుగుతుంది. "అప్పుడు ముందు పెద్ద చేపలే పోతాయి, నోళ్ళు తెరుచుకుని. చిన్న చేపలకు, కప్పలకు ఏమీ కాదు. రైతులేమో ఎవరో విషం కలిపారని కొట్టుకుంటారు. విషమైతే అన్నీ చస్తాయి కదర్రా!" అని నవ్వారు. క్లాసంతా నవ్వింది.

నేను రాళ్ళ సందులో పరిగెలను చూస్తున్నాను.

మేడం ఆగలేదు. ముసురు పడితే పేడ గోతాలు తీసెయ్యాలి, మీగడ కట్టిన మూల పాత పంచె పట్టి దేవెయ్యాలి, కొత్త నీళ్ళు పెట్టాలి, ఏమీ లేకపోతే తెల్లవారుజామున ఆయిలింజను పెట్టి ఆ నీళ్ళనే పైకి చిమ్మించినా చేప బతుకుతుంది అన్నారు. మా ఆయిలింజను ఆ మూడు రోజులూ కొట్టంలో గోనెపట్టా కప్పుకుని ఉంది. తర్వాత ఆవిడ మోచేతి పరీక్ష గురించి చెప్పారు. "అయితే పెద్దవాళ్ళ చెయ్యి ఉండాలి. పొట్టి చెయ్యి పెట్టి కొలిస్తే చెరువు చిక్కబడి చస్తుంది" అన్నారు.

కాగితం మీద రాసుకుంటున్న దాన్ని ఆపేశాను. నా చెయ్యి నాకే పరాయిదిగా కనిపించింది.

ఆ శనివారం ఇంటికి వెళ్ళాను. మా పిన్ని కూతురు, ఏడేళ్ళ పిల్ల, మా ఇంట్లోనే ఉంది. నాన్నను బల్ల మీద మోచెయ్యి ఆనించమని, ఆ పిల్ల చేతిని పక్కన పెట్టించాను. ఆ పిల్ల అరచెయ్యి నాన్న మణికట్టు దాకా కూడా రాలేదు. అప్పుడు పాఠం మొత్తం చెప్పాను. చిన్న చెయ్యి మాయం కావాలంటే నీళ్ళు ఎంత చిక్కబడాలో చెప్పాను. పరిగెలు బతకడం చెప్పాను. నాన్న బల్ల మీద ఆ రెండు చేతులనూ చూస్తూ కూర్చున్నాడు.

"ఆయనకు చెప్పాలి నాన్నా" అన్నాను.

"చెబుదువుగానీ. వాడు ఈ పాటికి మర్చిపోయుంటాడు. ఇప్పుడు తవ్వితే ఏమొస్తుందే? చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు."

ఆయన ఆ మాట అనడం నాకు నచ్చలేదు. అయినా ఎక్కడో నాకు హాయిగా అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే దాచాలని లేదు. పేటకు వెళ్ళి, ఒక పెద్దమనిషి ముందు నిలబడి, మేము మీ బతుకు పాడు చేశాం అని చెప్పే పని తప్పింది కదా అని హాయి. పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాను. బీఈడీ అయ్యాక అనుకున్నాను. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి నందిగామ దగ్గరే హైస్కూల్లో చేరాను. పెళ్ళయింది. నేను కూడా పిల్లలకు అదే పాఠం చెప్పాల్సి వచ్చింది. చెప్పిన ప్రతిసారీ ఆ పిట్టకథ వదిలేసి చెప్పేదాన్ని. దొంగకు తేలు కుట్టినట్టు ఉండేది నా పరిస్థితి. అరవలేను, ఊరుకోలేను.

ఒక దసరా సెలవల్లో అమ్మ ఏదో మాటల మధ్యన అంది, ఆయన బట్టీ పని మానేసి ఇంటికి వచ్చేశాడని, ఆయాసంతో మంచానికి అతుక్కుపోయాడని, సున్నం దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టర్లు అన్నారని. అమ్మ మామూలుగానే చెప్పింది. నాన్న తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను పేటకు వెళ్ళాను. రమ్మని నాన్నను అడిగాను. "నువ్వెళ్ళు" అన్నాడు.

అంతవరకు ఆ ఇంటి గడప నేను ఎక్కలేదు. అంత దగ్గర ఇల్లు. వేపచెట్టు కింద నులకమంచం మీద ఆయన కూర్చుని ఉన్నాడు. పొడుగు మనిషి, ముందుకు వంగిపోయి గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నేను వద్దంటున్నా సగం లేచాడు. ఆయన భార్య కుర్చీ తెచ్చి వేసి, కొంగుతో తుడిచింది.

"పాపగారు టీచరయ్యారంటగా. మంచిదమ్మా" అన్నాడు. ప్రతి రెండు మాటలకూ ఆగుతున్నాడు.

దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. అడ్డదిడ్డంగా చెప్పాను. నాచు, ముసురు, పరిగెలు, నా చెయ్యి. పిల్లలకు నలభై నిమిషాలు గడగడా చెప్పే పాఠం ఆయన ముందు చెప్పలేక తడబడ్డాను. చివరకు, "మీ మందు వల్ల కాదు. మేమే చెరువును పాడు చేశాం. చేపలను చంపింది మీరు కాదండీ" అన్నాను. ఆయన్ని 'అండీ' అనడం అదే మొదటిసారి.

ఆయన భార్య నుదురు కొట్టుకుంది. "నేను మొత్తుకుంటానే ఉన్నా. నువ్వు కాదయ్యా, నువ్వు కాదయ్యా అని. ఈ మనిషి వింటేనా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నా వైపు తిరిగింది.

"ఊరోళ్ళు అంటే అన్నారమ్మా, నాలుగు రోజులు పోతే పోద్ది. ఈయనే నమ్మాడు. ఆరోజు మీ నాన్నగారు వాన నీళ్ళు ఎటు పోతయ్ అని అడిగారంట. ఆ మాట పట్టుకున్నాడు. రాత్రుళ్ళు లేచి కూర్చునేవాడు. పిల్లలు మునిగే నీళ్ళలో నేనే మందు కలిపా అని. గుళ్ళో అందరి ముందూ నిలబడి, ఏడ్చి, పాపం ఒప్పుకున్నాడు. ఇంక మందు డబ్బా ముట్టనని ప్రమాణం చేశాడు. తర్వాతేడు నలుగురు వచ్చి పిలిచారమ్మా మందు కొట్టడానికి. పోలా. బట్టీకి పోయాడు."

ఊరు పిలవకపోవడం వల్ల ఆయన వెళ్ళాడని ఇన్నేళ్ళూ నేను అనుకున్నాను. పిలిచారట. తప్పు చేశానని నమ్మి, తనకు తానే శిక్ష వేసుకుని వెళ్ళాడట. ఆ నమ్మకం ఆయనకు ఇచ్చింది పాలకేంద్రం వరండా. అందులో నా మాట కూడా ఉంది.

ఆయన చెరువు వైపు తిరిగాడు. కోపం కనపడుతుందేమోనని ఆయన ముఖంలో వెతికాను. వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. తర్వాత, బళ్ళో వెనక బెంచీ పిల్లవాడు అర్థం కాని లెక్క అడిగినట్టు అడిగాడు.

"నేను కాకపోతే, మరి నేనెందుకమ్మా బట్టీకి పోయింది?"

"ఆ పిల్లనేం అడుగుతావు? ఆమెకేం తెలుసప్పుడు" అంది భార్య.

నేను టీచర్ని. తెలియని ప్రశ్న వస్తే రేపు చెబుతానని తప్పించుకునే విద్య వచ్చిన దాన్ని. ఆ విద్య అక్కడ అక్కరకు రాలేదు. కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఆయన కంగారు పడి, "అయ్యో, పాపగారికి మంచినీళ్ళు ఇయ్యి" అని భార్యను కసిరాడు. వచ్చేముందు ఒక్కటే అడిగాడు. "ఈ మాట నలుగురిలో మీ నాన్నగారి నోటితో ఒక్కసారి వత్తే బాగుండునమ్మా. ఇప్పుడు చెప్పిందే. పాలకేంద్రం కాడ." అని, అడగకూడనిది అడిగినట్టు, "వీలైతేనే" అన్నాడు.

ఇంటికి వచ్చి నాన్నకు అంతా చెప్పాను. గుళ్ళో ఒప్పుకున్న సంగతి, పిలిచినా వెళ్ళని సంగతి, ఆయన అడిగిన ప్రశ్న. నాన్న ఆ ప్రశ్నను నా చేత రెండోసారి చెప్పించుకున్నాడు. అన్నం వద్దన్నాడు. తెల్లవారి నేను లేచేసరికి ఇంట్లో లేడు. ఎప్పుడూ జీతగాడితో పంపే పాల క్యాను తానే పట్టుకుని వెళ్ళాడని అమ్మ చెప్పింది.

నేను గడపలో కూర్చుని ఎదురుచూశాను. పాలు పోసేవాళ్ళంతా ఇళ్ళకు పోయాక చాలాసేపటికి వచ్చాడు. ఖాళీ క్యాను కింద పెట్టి, అరుగు మీద కూలబడ్డాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

"చెప్పావా నాన్నా?"

"చెప్పా. అందరినీ ఆపి చెప్పా. తప్పు నాదే అని చెప్పా."

"ఏమన్నారు?"

నాన్న నా వైపు చూడలేదు.

"ఎవరికీ గుర్తు లేదమ్మాయ్. అప్పటివాళ్ళు నలుగురైదుగురే ఉన్నారు. వాళ్ళు కూడా ఏ చేపలు, ఏ చెరువు అన్నారు. ఒకడైతే, అది ఎండ్రిన్ మందు తాగి చచ్చిపోయినవాడి సంగతి కదా అన్నాడు. నేను గుర్తు చెయ్యాల్సి వచ్చింది."

ఆ మనిషి నిద్ర పోగొట్టుకుని, గుళ్ళో ఏడ్చి, ఊపిరి సున్నంలో కలుపుకున్న ఆ నిందను ఊరు ఎప్పుడో మర్చిపోయింది.

ఆ సాయంత్రం మళ్ళీ పేటకు వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది. పాలు పోసి పేటకు వెళుతున్న ఒకావిడతో ఆయనకు కబురు పంపాను, నాన్న పాలకేంద్రం దగ్గర అందరి ముందూ తప్పు తనదేనని చెప్పాడని. ఆయన విని, కళ్ళు తుడుచుకుని, "అందరూ విన్నారా?" అని అడిగాడట, మర్నాడు ఆవిడే వచ్చి చెప్పింది. విన్నారని చెప్పమన్నాను. మిగతాది చెప్పలేదు. ఆ చలికాలం దాటకముందే ఆయన పోయాడు.